కళ్ళంలో తుమ్ము తుమ్ము కాదట

మిరపకాయలు కోతకొచ్చాయంటే నా ముక్కుకి గ్రహచారం మొదలైనట్టే. దర్శి దగ్గర మా ఊరు. నేను పాఠాలు చెప్పే బడి పక్క ఊళ్ళో ఉంది. మధ్యలో ఉన్న తారు రోడ్డు పేరుకే రోడ్డు. సగం మీద మిరపకాయలు ఆరబోసి అంచున రాళ్ళు పేరుస్తారు. మిగిలిన సగంలో బస్సు, ట్రాక్టరు, గేదెలు, నా సైకిలు సర్దుకోవాలి. రోడ్డు పక్కనంతా వయ్యారిభామ. ఆ దిక్కుమాలిన కలుపు మొక్కకి అంత ముద్దు పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, వాళ్ళెప్పుడూ దాని పక్కన సైకిల్ తొక్కి ఉండరు. దాని పుప్పొడి, మిరప ఘాటు కలిసి లోపలికి పోయాయా, ఇక అంతే! ముక్కులో చీమలు పాకినట్టు మొదలై, కళ్ళు ఎర్రబడి, తుమ్ము మీద తుమ్ము.

తుమ్మినప్పుడు కళ్ళు మూసుకుపోతాయి కదా. సైకిల్ మీదున్న మనిషికి అదెంత ప్రమాదమో ఎవరికీ పట్టదు. ఒకసారి కళ్ళు తెరిచేసరికి ముందు చక్రం కాయల్లో ఉంది, నేను కింద ఉన్నాను. దెబ్బ తగిలిందా అని అడగలేదు సరికదా, కాయలాయన "చూసుకుని తొక్కమ్మా, సరుకు చితికిపోద్ది!" అని అరిచాడు. రోడ్డు మీద సరుకు పోసింది ఆయన, చూసుకోవాల్సింది నేను!

దర్శిలో డాక్టరు గారు ముక్కులో కొట్టుకునే స్ప్రే రాసి, "ఈ సీజన్ అయ్యేదాకా సైకిల్ మానేయండమ్మా" అన్నారు. ముక్కుకి జబ్బొస్తే కాళ్ళకి శిక్షేమిటండీ? దింపమని ఎవర్నీ బతిమాలకుండా నా అంతట నేను గడప దాటేది ఆ సైకిల్ మీదే. మానను గాక మానను అన్నాను. స్ప్రే కొట్టుకుంటాను. ముక్కు రంధ్రాల్లో కాస్త వాజలైన్ రాసుకుంటాను. పాత చీరాల చీర చింపి మాస్కు కుట్టుకున్నాను, దాన్ని తడిపి కట్టుకుంటాను. పొడి గుడ్డకి ఘాటు ఆగదు. కళ్ళకి జోడు పెట్టుకుని, గాలి లేవకముందే బయల్దేరతాను. తుమ్ము వస్తోందనిపిస్తే బ్రేకు వేసి కాలు కింద ఆనిస్తాను. తుమ్ములకి వేసుకునే మాత్ర మాత్రం సెలవు రోజే. బడి ఉన్నరోజు వేసుకుంటే పిల్లలకంటే ముందు నేనే క్లాసులో కునుకుతాను. ఇన్ని తిప్పలూ నేనే పడుతున్నాను, ఎవరి సాయమూ అడగలేదు.

అయినా ఊరు ఊరుకుంటుందా? మా వైపు ఎవరైనా మంచి పనికి బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే ఆగిపోవాలి. లోపలికొచ్చి కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ కదలాలి. అలాంటి ఊళ్ళో నాలాంటి ముక్కున్న మనిషి బతుకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నన్ను చూస్తే చాలు, బండి తీయబోయేవాళ్ళు కూడా "టీచరు గారు దాటిపోనీండి" అంటూ ఆగిపోతారు. ఒళ్ళు మండదా మరి?

మా అత్తయ్య ఇంకో మెట్టు పైన. మా చేలో కాయలు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళే రోజు నన్ను పెరట్లోకి పంపి తలుపు దగ్గరికి వేసేది. అదీ సహించాను. కానీ మా అమ్మాయి పదో తరగతి పరీక్షకి వెళ్ళిన రోజూ అదే వరస. పెరట్లో గోడవార నిలబడి, వాకిట్లో మా ఆయన బండి స్టార్టవడం విన్నాను. కన్నకూతురు పరీక్షకి వెళుతుంటే గుమ్మంలో నిలబడి పంపే యోగ్యత నాకు లేదట. ఆ ఉక్రోషం ఇప్పటికీ చల్లారలేదు.

పోనీ, ఆ శాస్త్రమేదో అందరికీ ఒకటేనా అంటే, అదీ కాదు. కళ్ళంలో కాయలు ఏరేటప్పుడు అత్తయ్యతో సహా అందరూ తుమ్ముతూనే ఉంటారు. "కళ్ళంలో తుమ్ము తుమ్ము కాదమ్మాయ్, అది ఘాటు" అంటుంది.

"రోడ్డు మీద నాకొచ్చేదీ ఆ ఘాటుకేగా అత్తయ్యా?"

"నీది వేరు. నీది జబ్బు."

ఇదెక్కడి న్యాయమో నాకు అంతుబట్టదు.

ఈ ఏడు అమ్మాయికి ఇంటర్ పరీక్షలొచ్చాయి. ఈసారి మాత్రం పెరట్లోకి వెళ్ళేది లేదని ముందే తీర్మానించుకున్నాను. మొదటి పరీక్ష రోజుకి మా ఆయన కాయలతో గుంటూరులో ఉన్నారు. పిల్ల దర్శి బస్సెక్కాలి. బస్టాపు దాకా సైకిల్ మీద దింపుతానన్నాను. అత్తయ్య ససేమిరా అంది.

"పిల్ల శుభమా అని పరీక్షకెళ్తుంటే దారంతా తుమ్ముతావా? నడిచెళ్తదిలే. నువ్వు పెరట్లోకి పో."

పోలేదు. తడి మాస్కు కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. వసారాలో ముందురోజు తొడిమలు తీసిన కాయల కుప్ప ఉంది. పిల్లకి దారివ్వడానికి అత్తయ్య దాని మీది పట్టా పక్కకి లాగింది. గుప్పున లేచింది ఘాటు. నేను ఊపిరి బిగబట్టాను. తుమ్మింది అత్తయ్య!

ఒక్కటే తుమ్ము. మా అమ్మాయి మెట్టు మీదే ఆగిపోయింది.

"అది తుమ్ము కాదే, కాయల ఘాటు. పో పో, టైమవుతోంది" అంది అత్తయ్య, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"మీకైతే ఘాటు, నాకైతే అపశకునమా అత్తయ్యా? నీళ్ళు తాగమనరేం దాన్ని? కూర్చోమనరేం?"

అత్తయ్య పట్టాని మళ్ళీ కుప్ప మీదికి లాగింది. నేను సైకిల్ స్టాండు తీసి వాకిట్లోకి తెచ్చాను. మా అమ్మాయి నాయనమ్మ వంక చూసింది, నా వంక చూసింది. పరీక్ష అట్ట బుట్టలో పడేసి, వెనకాల ఎక్కి కూర్చుంది.

దారి పొడుగునా తుమ్ములే. వచ్చినప్పుడల్లా కాలు కింద ఆనించాను, అదీ అలవాటైనదానిలా నాతోపాటు కాళ్ళు ఆనించింది. బస్టాపుకి చేరేసరికి బస్సు వచ్చేసింది. పిల్ల మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, నాకు మళ్ళీ వచ్చింది. ఎంత అదిమిపట్టినా ఆగలేదు. ఆ ఒంటి తుమ్ముకి బస్సంతా నావైపు తిరిగింది.

"ఎవరో తుమ్మారు, కాసేపాగి ఎక్కమ్మాయ్" అన్నాడు ముందు సీట్లో పెద్దాయన.

"మా అమ్మండీ. ఆవిడకి ఒక్కదాంతో ఆగదు, ఆగితే నాకు పరీక్ష పోద్ది" అని ఎక్కేసింది.

బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "అమ్మా, మాస్కు ఆరిపోయుంటది! తడుపుకుని వెళ్ళు!"

ఇన్నేళ్ళూ నా తుమ్ము ఎవరి కొంప ముంచుతుందా అని చూసినవాళ్ళే అందరూ. నా ముక్కు గురించి ఆలోచించిన మనిషి ఇదొక్కతే. బోరింగు దగ్గర మాస్కు తడుపుకుని కట్టుకున్నాను. కాయలవాళ్ళు ఎంత అరిచినా పక్కకి జరక్కుండా, గంట కొట్టుకుంటూ బడికి వెళ్ళాను.