వాయిదా పడిన అయస్కాంతం పాఠం

సైన్సు టీచరు ఎడమ భుజం కింద, చర్మం లోపల, గుండెను నడిపే అగ్గిపెట్టెంత యంత్రం ఉంది. అమర్చి ఏడు నెలలైంది. అప్పటినుంచీ సెల్‌ఫోను కుడి చేత్తోనే పట్టుకుంటుంది, తలుపుకు అయస్కాంతమున్న బీరువాను తనే తెరవదు, మాట్లాడుతూ మాట్లాడుతూ పైట సర్దుకుంటున్నట్టు ఆ చోటును తడిమి చూసుకుంటుంది. స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో కూర్చోమంటారని భయం. అయస్కాంతత్వం పాఠాన్ని మాత్రం రెండుసార్లు వాయిదా వేసింది.

మూడోసారి తప్పలేదు. ఆమె బోర్డు మీద రాస్తుండగా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వెనకనుంచి వచ్చి, "టీచర్, పాత స్పీకర్లోంచి తీశాను, చూడండి," అంటూ అరచేయంత అయస్కాంతాన్ని ముందుకు చాపింది. టీచరు గోడకు అతుక్కుపోయింది. "దగ్గరికి రాకు," అన్న గొంతు తనది కాదనిపించింది. పిల్ల ముఖం పాలిపోయింది. అది చూశాక దాచలేక, టీచరు ఉన్నదంతా చెప్పేసింది.

"అది ఇనుమా టీచర్? లాగేస్తుందా?"

"పైన టైటానియం, దాన్ని లాగదు. కానీ అయస్కాంతం దగ్గరికొస్తే యంత్రం గుండె మాట వినడం మానేసి తన ధోరణిలో తను పోతుంది."

పిల్ల అయస్కాంతాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ చివరి బెంచీ దాకా వెళ్లింది.

"ఇక్కడైతే పర్లేదా టీచర్?"

"పర్లేదు."

"అయితే మీరు అక్కణ్ణుంచే చెప్పండి. చేసేది మేం చేస్తాం."

పిల్లలు ఒక్కో వస్తువునూ అయస్కాంతం దగ్గర పెట్టి చూశారు. మేకు అతుక్కుంది. రాగితీగ కదల్లేదు.

"ఎందుకంటావ్?" అని బోర్డు దగ్గరనుంచే అడిగింది టీచరు.