నలభై రెండో చీటీ

కాగితాల మీద చూస్తే ట్రీనా రాట్లిఫ్ అంత బాధ్యత తెలిసిన తల్లి ఆ కెంటకీ కొండల్లోనే ఉండదు. కూతురికి జలుబు చేస్తే చీటీ, బస్సు తప్పితే చీటీ, బడివాళ్ళు గుహలు చూపించడానికి తీసుకెళ్తామంటే సంతోషంగా ఒప్పుకుంటూ ఇంకో చీటీ. తొమ్మిదేళ్ళలో నలభై ఒకటి. ఏం లాభం? అందులో ఒక్కటీ ఆవిడ రాసింది కాదు. కూతురు షెల్బీకి తొమ్మిదేళ్ళు నిండిన వేసవిలోనే, దుంగల లారీ నడిపేవాడొకడి వెంట ఆవిడ ఫ్లోరిడా వెళ్ళిపోయింది. చీటీలన్నీ షెల్బీయే రాసుకుంది.

రాసుకోక ఏం చేస్తుంది పాపం! తండ్రి ఎవరో ఏ కాగితంలోనూ లేదు. ఇంట్లో మిగిలింది అమ్మమ్మ డెల్ఫియా. షుగరు జబ్బుతో ఆవిడకి చూపు సగం పోయింది. తల్లి లేదని బయటికి పొక్కితే కౌంటీ ఆఫీసువాళ్ళు కారేసుకొచ్చి పిల్లని ఏ పరాయింట్లోనో పెడతారని ఆవిడ భయం. పోనీ కోర్టుకెళ్ళి పిల్లని తన పేర రాయించుకుందామా అంటే, కళ్ళు కనపడనిదానివి నువ్వేం సాకుతావు అంటారని ఇంకో భయం. అందుకని బడివాళ్ళు మొదటిసారి తల్లి సంతకం అడిగిన రోజున, పొయ్యి మీద చిక్కుడుగింజలు కలుపుతూనే తేల్చేసింది.

"సంతకమే కదే! మీ అమ్మ లైబ్రరీ కార్డు మీద ఉంది. చూసి గీకెయ్యి."

షెల్బీ గీకింది. ఇంటిపేరు మొదటి అక్షరానికి కింద పొడుగాటి తోక ఉండేది. అది కుదరడానికి ఒక నోటుబుక్కు ఖర్చయింది. సంతకం కుదిరాక మాటలు వచ్చాయి. 'మా షెల్బీకి నిన్న జ్వరం. పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను. ఇవాళ ఆటలకి పంపకండి, నీరసంగా ఉంది.' బడికి కావలసింది మొదటి ముక్క ఒక్కటే. మిగతాది ఎవరికి కావాలో నేను చెప్పక్కర్లేదు. బస్సులో ఆ చీటీని రెండు మూడుసార్లు చదువుకుని, అప్పుడు గానీ ఆఫీసులో ఇచ్చేది కాదు.

అలా పద్దెనిమిదో ఏడు వచ్చింది. నర్సు చదువుకి కాలేజీలో సీటూ వచ్చింది. ఫీజుకి ప్రభుత్వ సాయం కావాలంటే మాత్రం ఫారం మీద తల్లి ఆదాయం, తల్లి సంతకం ఉండాలన్నారు.

"ఇదీ గీకెయ్యవే," అంది అమ్మమ్మ.

"ఇది బడి కాదు అమ్మమ్మా, వాషింగ్టన్! నన్ను జైల్లో పెడితే నీకు సూది ఎవరేస్తారు?"

తల్లి జాడ లేదు, నన్ను నా కాళ్ళ మీద నిలబడ్డదానిగా లెక్కలోకి తీసుకోండి అని అర్జీ పెట్టుకుంది. పదిరోజుల్లో ఆ అర్జీ తిరిగొచ్చింది. కాలేజీలో ఆ అర్జీలు చూసే మిసెస్ కోంబ్స్ చెడ్డ మనిషేం కాదు. బడి రికార్డు తెప్పించుకుని చూసింది, అంతే. మొన్న ఏప్రిల్ దాకా తల్లి సంతకాలున్నాయి, తల్లి దగ్గరే ఉన్నట్టుంది, కాదంటే నెలాఖరులోగా రుజువు తెమ్మని రాసింది. ఇన్నేళ్ళూ కాపాడిన అబద్ధమే చివరికి మెడకి చుట్టుకుంది.

షెల్బీ పాత బడికి పరిగెత్తింది. ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా ఒకే బడి, ఆఫీసులో ఒకే మనిషి. ఆవిడ హాజరు చూసే మిస్ వెర్నా.

"మిస్ వెర్నా, మీకొక నిజం చెప్పాలి. ఆ చీటీలు..."

"నువ్వే రాశావు. తెలుసులే, కూర్చో."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిదాన్నుంచీ. ఓసి పిచ్చి మొద్దూ, ఏ తల్లయినా అంత పొడుగు రాస్తుందా? 'జ్వరం' అని గీకి పారేస్తుంది. మీ ట్రీనా పురాణం రాసేది!"

షెల్బీ నవ్వబోయి ఏడ్చింది.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే నిన్ను పట్టుకుపోరూ? తల దువ్వుకుని, పాఠం చదువుకుని వేళకి వచ్చే పిల్లవి. ఇప్పుడు ఆ నిజమే రాసిస్తాలే. వచ్చే నెల రిటైరవుతున్నా, నన్నేం చేస్తారు?"

ఆవిడ బీరువా లోంచి అట్టపెట్టె తీసి చీటీలు బల్ల మీద పరిచింది. చివర ఒకటి చేతిలోనే ఉంచుకుంది.

"ఇవి నలభై ఒకటి. ఇదొక్కటి నీది కాదే."

షెల్బీ అందుకుంది. ఏడో తరగతి, మార్చి నెల. బడి మధ్యలో పిల్లల్ని తీసుకెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు నింపే చీటీ. 'పళ్ళ డాక్టరు. పన్నెండింటికి.' కింద సంతకం. సంతకానికి తోక లేదు. ఈ మధ్యలో ఎప్పుడో అమ్మ ఆ తోక మానేసింది. తాను మాత్రం ఇన్నేళ్ళూ పాతదే గీస్తూ కూర్చుంది.

"వచ్చిందా? అమ్మ వచ్చిందా?"

"ఆ బెంచీ మీదే ఇరవై నిమిషాలు కూర్చుంది. ఇంతలో భోజనాలకి మీ క్లాసు ఈ కిటికీ అద్దం ముందు నుంచే వరసగా వెళ్ళింది. నువ్వు ఎవరితోనో నవ్వుకుంటూ పోయావు. 'బాగానే ఉంది కదా' అని లేచింది. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుని వెళ్ళిపోయింది."

షెల్బీ ఆ బెంచీ వంక చూసింది. ఆ రోజు తాను ఎందుకు నవ్విందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. నవ్వకుండా ఉంటే బాగుండేది. ఎంత బాగుండేదో!

"ఇది ఫైల్లో పెడితే తల్లి వచ్చిపోతోందంటారేమో," అంది మిస్ వెర్నా మెల్లగా. "చింపేస్తే మనిద్దరికే తెలుసు. నీ ఇష్టం తల్లీ."

"లేని అమ్మని నలభై ఒక్కసార్లు ఉందన్నాను మిస్ వెర్నా. వచ్చిన ఒక్కసారీ రాలేదని చెప్పనా?"

కాలేజీలో మిసెస్ కోంబ్స్ తెల్లకాగితం ముందుకి జరిపి తల్లి సంతకం చెయ్యమంది. షెల్బీ కళ్ళు మూసుకుని చేసినట్టే చేసేసింది. నలభై ఒక్కటీ సరిపోయాయి. నలభై రెండోదాని దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"ఇది?"

"అది మా అమ్మదండీ. నన్ను చూడ్డానికొచ్చింది." గొంతులో ఎంత గర్వమో! ఆ రోజు జరిగిందంతా ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెప్పి, "ఇక నాకు సాయం రాదా?" అనడిగింది.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"వస్తుందమ్మా. దీని మూలానే వస్తుంది. గుమ్మం దాకా వచ్చి, నిన్ను కళ్ళారా చూసి కూడా వెళ్ళిపోయింది. నిన్ను వదిలేసిందనడానికి ఇంతకు మించిన రుజువు నేనడగలేను."

ఆవిడ నకలు తీసుకుని అసలు చీటీ తిరిగిచ్చేసింది.

సాయం వచ్చింది, చదువూ మొదలైంది. కానీ ఆ అర్జీని ఏటేటా కొత్తగా పెట్టుకోవాలి. మరుసటి వసంతంలో షెల్బీ వాకిట మెట్ల మీద కూర్చుని ఫారం నింపింది. అన్నీ అయ్యాయి. ఒక్క గడి మిగిలింది. 'ఈ ఏడాదిలో తల్లి నుంచి కబురేమైనా వచ్చిందా?'

"ఇంకా అవలేదటే?" లోపల్నుంచి అమ్మమ్మ కేకేసింది. "లేదని గీకి పారేసి రా, రొట్టె చల్లారిపోతోంది."

"ఉండు అమ్మమ్మా," అంది షెల్బీ, రోడ్డు వంపు వంకే చూస్తూ. "ఇవాళ టపా బండి ఇంకా రాలేదు."