చెంచలికూర కోసం ఒక సాలు

అయిజ పక్కన కాలువకు కొలతలు వేస్తూ జొన్నచేలో గొలుసు లాగుతుంటే, బూటు కింద నలిగిన ఆకు పచ్చివాసన ముక్కుకు తగిలింది. వంగి చూశాను: ఎర్రబారిన కాడ, కోలగా ఉన్న ఆకు, కొసన గులాబిరంగు సన్నని కంకి. చెంచలి. ఇక కొలతల మీద మనసు నిలవలేదు.

మా చిన్నప్పుడు ఈ కలుపుమొక్కను పప్పులో వేసేవారు, చింతపండుతో పులుసు కాచేవారు, వెల్లుల్లి కారంతో వేయించేవారు, పిండి చాలనప్పుడు సన్నగా తరిగి జొన్నరొట్టెలో కలిపేవారు. చేను ఎవరిదైనా, కలుపులో దొరికే కూర మాత్రం ఆ సాలు పట్టి, ఆ వరసలో కలుపు తీసినవాళ్లదే. ఆసామి అందులో పిడికెడు అడిగినా నవ్వులపాలే.

సర్కారువాళ్లు లెవీ కింద జొన్నలు తోలుకుపోయిన ఏడాది మా ధాన్యపు పాతర అడుగంటింది. ముసురు పట్టింది, చెల్లెలు ఆకలికి ఏడుస్తోంది, నేను ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను. అమ్మ చేటలోని పిండిని ఒకసారి చూసి, కొంగు నడుముకు చుట్టుకుని మా చేనికి నడిచింది. నేనూ వెంట పరుగెత్తాను.

"నాకూ ఒక సాలు ఇయ్యి, నర్సమ్మా," అంది, కలుపు కూలీల పెద్దతో.

"ఏంది పటేలమ్మా, నీ చేన్ల నువ్వే కూలికొస్తివా?"

"కూలి వద్దు. కూర కావాలె."

అందరి చేతులూ ఆగాయి. నర్సమ్మ పక్కకు జరిగింది. "అయితే వంగు. జర సూసి పీకు, కూరనుకొని జొన్న పీకేవు!"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. అమ్మ తల ఎత్తలేదు. నాన్న వస్తాడేమోనని నేను గట్టు మీద కాలు మార్చి కాలు వేస్తూ బాటకేసి చూస్తున్నాను. అమ్మ వెనకబడితే నర్సమ్మ తన సాలు ముగించి ఎదురొచ్చి సగం సాలు తీసింది. ఆ సగంలోని కూర తన ఒడిలోనే వేసుకుంది. అమ్మ అడగలేదు.

ఆ సాయంత్రం నాన్న పచ్చటి రొట్టె తుంచి ఆగాడు.

"కూర ఎవరిచ్చిండ్రు?"

"ఎవరియ్యలె. సాలు పట్టిన."

నాన్న తన రొట్టెలో సగం చెల్లెలి వైపు జరిపాడు.

ఇప్పుడు అమ్మ లేదు. పాతరలు పూడ్చేశారు. నేను గీసే గీత వెంట నీళ్లొస్తే ఈ మెట్ట చెలక వరిమడి అవుతుంది. బురదలో చెంచలి మొలవదు. గట్టు అవతల ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. పిడికెడు అడుగుదామంటే నోరు రాలేదు. గొలుసు కింద పెట్టి, బూట్లు విప్పి, ఖాళీ సాలు ఏదని అడిగాను.