సగం పైసలకు సంతకం పెట్టని నాగేంద్రమ్మ

ఈ కింద రాయబోయేది అక్షరం పొల్లుపోని నిజం. ఇరవై ఏళ్లకు పైగా గద్వాల కోర్టులో సాక్షులు బోనెక్కి ప్రమాణం చేస్తుంటే పక్కన నిలబడి విన్నవాణ్ని. ప్రమాణం చేశాక అబద్ధమాడేవాడి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా గొంతు అలా లేదు. కాగితం మీద గొంతు వినపడదు కదా అంటారేమో, నా మాట నమ్మండి.

తొంభైల మొదట్లో, వేసవి సెలవుల తర్వాత కోర్టు తెరిచిన వారం, నేను నాగేంద్రమ్మ తరఫున వకాలత్ వేశాను. అప్పటికి నాకు వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో కూడా కేసులుండేవి. ఎక్కువగా పొలం గట్ల తగాదాలు, ప్రామిసరీ నోట్లు. ప్రతివాది వీపనగండ్ల అవతల ఉంటేనే దూరమని విసుక్కునేవాణ్ని. నాగేంద్రమ్మ ప్రతివాది ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్లో ఉన్నాడు.

అతని పేరు గోవర్ధన్. గద్వాల బట్టల వ్యాపారుల ఇంటివాడే, అక్కడికి పోయి దుకాణం పెట్టాడు. నాగేంద్రమ్మ ఇంట్లో నాలుగు మగ్గాలు. భర్తకు చూపు మందగించాక బేరసారాలన్నీ ఆమెవే. గోవర్ధన్ ఆమె దగ్గర ఒక పెట్టె నిండా చీరలు కొని, మూడు నెలల్లో చెల్లిస్తానని హుండీ అనే బాకీ పత్రం మీద సంతకం చేసి పోయాడు. రెండు దసరాలు గడిచాయి, రూపాయి రాలేదు. పట్టు, జరీ అరువిచ్చిన వ్యాపారి దీపావళి దాటితే మగ్గాలు విప్పుకుపోతానన్నాడు. ఆమెకు నేసిచ్చిన మూడిళ్లవాళ్ల కూలి కూడా ఆగిపోయింది.

గోవర్ధన్ బామ్మర్ది శంకరయ్యకు గద్వాలలోనే దుకాణం. నాగేంద్రమ్మ నా దగ్గరుండగా అతను నా ఆఫీసుకే వచ్చి బేరం పెట్టాడు.

“అక్కా, లొల్లి వద్దు. సగం తీస్కొని మొత్తం ముట్టిందని సంతకం వెట్టు. ఇంగ్లండు సీమల ఉన్నోన్ని నీ కోర్టు ఏం జేస్తది? నీ కాగితంల పల్లీలు కట్టుకొని తింటడు.”

“నేను సగం చీరలు నేసిచ్చిన్నా శంకరయ్యా? సగం పైసలెట్ల తీస్కుంట?” అందామె. “మీ బావకు చెప్పు. మగ్గాలు పోతె పోనీ, సంతకం వెట్ట.”

సగం పైకంతో పట్టు బాకీ తీరేది, మగ్గాలు దక్కేవి. నేసినవాళ్ల కూలి మాత్రం దక్కేది కాదు. తన మగ్గాలు కాపాడుకొని వాళ్ల నోట్లో మన్ను కొట్టనని ఆమె మొండికేసింది.

ఇలాంటి బాకీలకు సివిల్ ప్రొసీజర్ కోడ్ ముప్పై ఏడో ఆర్డరులో ఒక దగ్గరి దారి ఉంది. హుండీ, ప్రామిసరీ నోటు, సంతకమున్న ఒప్పందం చేతిలో ఉంటే సాక్షులతో ఏళ్ల తరబడి సాగే విచారణ అక్కర్లేదు. సమన్లు అందిన పది రోజుల్లో ప్రతివాది స్వయంగానో వకీలు ద్వారానో హాజరు చెప్పాలి. చెప్పకపోతే దావా ఒప్పుకున్నట్టే లెక్క, డిక్రీ వస్తుంది. చెప్పినా నేరుగా వాదనకు దిగడానికి వీల్లేదు. వాదించుకోనిమ్మని ముందు కోర్టు అనుమతి అడగాలి. అందులో పస లేదనిపిస్తే, పైకం కోర్టులో జమ చేసి తర్వాత మాట్లాడమని జడ్జి షరతు పెట్టవచ్చు. ప్రతివాది దేశం బయట ఉంటే సమన్లు పోస్టులో పంపితే చాలు. పంపాం.

చిక్కు అసలు అక్కడే ఉంది. గోవర్ధన్ నోరు మూసుకొని లెస్టర్‌లో కూర్చుంటే మాకు డిక్రీ సులువుగా వచ్చేది, కానీ ఆ డిక్రీ అక్కడ చెల్లేది కాదు. గద్వాల కోర్టు అధికారానికి తలొగ్గని పరదేశపు మనిషి మీద గద్వాల ఇచ్చిన తీర్పును ఇంగ్లండు కోర్టు పట్టించుకోదు. అతను ఇక్కడ హాజరై వాదించాడా, ఇక తప్పించుకోలేడు. ఇదంతా నాగేంద్రమ్మకు అరటిపండు ఒలిచినట్టు చెప్పాను.

“అంటె సారూ, ఆయన నోరు దెరవాలె. గంతేనా?”

“అంతేనమ్మా.”

“సరే తియ్యి” అని లేచి పోయింది. ఏం చేస్తావని నేను అడగలేదు. కొన్ని సంగతులు వకీలు అడగకుండా ఉండటమే మర్యాద.

నేతగాళ్ల వీధిలో పొద్దున్నే పడుగు సాగదీస్తారు. వీధి పొడవునా నూలు పరిచి, ఇంటికొకరు వచ్చి పట్టుకుంటారు. అక్కడ అన్న మాట మధ్యాహ్నానికల్లా కోట దాటి బస్టాండు చేరుతుంది. మర్నాడు అటుగా పోతున్న శంకరయ్యను ఆమె పడుగు దగ్గరే ఆపింది.

“మీ బావ మీద నాకు కోపం లేదు శంకరయ్యా. కోర్టు కాగితం చూసి జరమొచ్చిందట గద. ఊకోమను. దాక్కున్నడని మేమెవ్వరికీ చెప్పం.”

“ఎవ్వరికీ చెప్పం పెద్దమ్మా” అని అవతలి కొసన పడుగు పట్టుకున్నవాడు అరిచాడు. “మన వాడకట్టోల్లమే ఉన్నం ఈడ.”

వీధంతా నవ్వింది. వారం తిరగకముందే గోవర్ధన్ తరఫున హైదరాబాదు నుంచి ఒక వకీలు వచ్చి హాజరు చెప్పాడు. లెస్టర్‌లో ఎవరేమనుకున్నా గోవర్ధన్‌కు పట్టేది కాదు. గద్వాలలో దాక్కున్నవాడని పేరు పడితే మాత్రం నిద్ర పట్టదు. అదే అతని కొంప ముంచింది.

అనుమతి కోరుతూ వేసిన అఫిడవిట్‌లో, చీరలు నాసిరకమని, కొంగులు విడిగా తెచ్చి అతికించారని రాశాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. పట్టు పోగుల్ని నూలు పోగులతో ఒక్కొక్కటిగా కలిపి నేస్తారు. ఆ అతుకు లేకపోతే అది గద్వాల చీరే కాదు. గద్వాలలో పుట్టినవాడు ఆ మాట రాస్తే కోర్టు హాల్లో డవాలా బంట్రోతు కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆ రోజు నేను లేచి నలభై నిమిషాలు ఏకధాటిగా వాదించాను. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పైకమంతా నాలుగు వారాల్లో జమ చేస్తేనే వాదన వింటామని ఉత్తర్వైంది. గోవర్ధన్ జమ చేయలేదు. వడ్డీ, ఖర్చులతో సహా డిక్రీ వచ్చింది. దాని నకలు చూపిస్తే పట్టు వ్యాపారి ఆగాడు, అతని వడ్డీ మాత్రం ఆగలేదు.

ఆ డిక్రీనే ఆధారం చేసుకొని లెస్టర్‌లో ఒక వకీలు చేత చిన్న దావా వేయించాం. అక్కడా ఇలాంటి దగ్గరి దారే ఉంది. గద్వాల కోర్టుకు తనపై అధికారం లేదని గోవర్ధన్ అన్నాడు. మా వకీలు అతని సంతకమున్న అఫిడవిట్‌నే ముందు పెట్టాడు. విచారణ తేదీకి ముందే పైకం బ్యాంకుకు వచ్చింది. నాగేంద్రమ్మ మొదట మూడిళ్ల కూలి ఇచ్చింది, తర్వాత పట్టు బాకీ, చివర నా ఫీజు. ఫీజులో సగం తగ్గించుకోమని మాత్రం ఆమె నన్ను అడగలేదు. అడిగే ముఖం ఆమెకూ లేదు, తగ్గించే ఉద్దేశం నాకూ లేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఇది: దేశం దాటిన బాకీకి డిక్రీ తెచ్చుకోవడం తేలిక. ప్రతివాదిని ఇక్కడి కోర్టు గడప తొక్కించడమే కష్టం, దానికి ఏ ఆర్డరులోనూ సెక్షన్ లేదు. ఆ పని కక్షిదారే చేయాలి, మధ్యలో సగానికి లొంగకుండా చేయాలి.

ఇక ప్రమాణం సంగతి. పడుగు దగ్గర మాటలు నిజం, అతుకుల అఫిడవిట్ నిజం. నా నలభై నిమిషాల వాదన మాత్రం కల్పన. నేను గౌను సర్దుకొని లేచేలోగా జడ్జిగారు చేత్తో కూర్చోమని సైగ చేసి ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు నేను ఒక్క మాటా అనలేదు.