నీళ్ళు లేని కాలువలో చుక్కాని

మా నాన్నకి చూపు తగ్గిందని రేవంతా తేల్చేసిన వేసవి అది. పంతొమ్మిది వందల అరవైలు అప్పుడే మొదలయ్యాయి. ఏలూరు కాలువ మీద సరుకు మోసే మోటారు పడవకి నాన్న సరంగు, చక్రం పట్టి నడిపేది ఆయనే. రెడ్డిగూడెం తోటల నుంచి బళ్ళ మీద వచ్చిన మామిడి గంపల్ని బాపులపాడు దిగువన ఎక్కించుకుని ఏలూరు చేర్చేవాడు. వేసవికి కాలువలు కట్టేసే ముందు, తొలి కాపు బంగినపల్లి గంపలతో వెళ్తూ పడవల్ని ఎత్తి దించే లాకు గోడకి పడవని కొట్టాడు. కొన్ని గంపలు నీళ్ళపాలయ్యాయి. కళ్ళు కనపడని మనిషికి పడవ ఎలా ఇస్తామని యజమాని గట్టు మీదే నిలబడి అన్నాడు. మళ్ళీ నీళ్ళు వదిలాక తన మేనల్లుడు చక్రం పడతాడనీ, నాన్న కావాలంటే రేవులో కాపలా ఉండొచ్చనీ చెప్పాడు.

నాన్న సరేనని తల ఊపాడు. యజమాని మాటకంటే అదే నాకు ఎక్కువ ఒళ్ళు మండించింది. అన్నం దగ్గర కూర్చోబెట్టి ఆరా తీశాను. కొన్నాళ్ళుగా చక్రం తిప్పాక పడవ ఆలస్యంగా తిరుగుతోందట. తను చూడ్డమే ఆలస్యమవుతోందని అనుకున్నాడట. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి చేత కళ్ళ కోసం ప్రార్థన కూడా చేయించుకుంటున్నాడు. బియ్యంలో రాళ్ళు నాకంటే ముందు ఏరే మనిషి ఈయన.

చక్రం తిప్పినప్పుడు చేతికి ఎలా ఉంటుందని అడిగాను. మొదట కొంత ఉత్తినే తిరుగుతుంది, తర్వాతే బరువు తగులుతుంది అన్నాడు. కళ్ళకీ దీనికీ సంబంధం ఏంటో నాకు అర్థం కాలేదు. లారీల్లో ఇలాంటిదాన్ని స్టీరింగు ప్లే అంటారని హనుమాన్ జంక్షన్లో మెకానిక్కు షెడ్డు ముందు బస్సు కోసం నిలబడే రోజుల్లో విన్నాను. లారీకి వచ్చే రోగం పడవకి రాకూడదని ఎక్కడుంది?

ఆ మెకానిక్కునే బతిమాలి తీసుకొచ్చాను. అప్పటికి కాలువ ఎండిపోయింది. పడవ అడుగు బురదలో కూర్చుంది, వెనక చుక్కాని గాలిలో వేలాడుతోంది. ఆయన చక్రం అటూ ఇటూ తిప్పాడు. చక్రం నుంచి చుక్కానికి వెళ్ళే గొలుసు కదిలింది, కప్పీలు తిరిగాయి, చుక్కాని వెంటనే ఊగింది. దీనికేం రోగం లేదండీ అని చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నాన్న తల దించుకుని ఇంటికి నడిచాడు. నేను కక్కలేక మింగలేక వెనకాల నడిచాను.

తర్వాత మామిడి తోటలో పాదులు చేసే కూలికి వెళ్ళాను. నాకిచ్చిన పార చేతిలో గట్టిగానే ఉంది. మట్టిలో దిగేసరికి కర్ర ఒకవైపు, రేకు ఒకవైపు అయ్యాయి. పైకెత్తితే మళ్ళీ బుద్ధిగా కలిసే ఉన్నాయి. పార అక్కడే వదిలేశాను. గాలిలో వేలాడే చుక్కానికి ఏం తెలుస్తుంది, దాన్ని నీళ్ళు నెట్టాలి కదా.

మెకానిక్కుకి మామిడి లారీల పని ఊపిరాడనివ్వడం లేదు. నేనూ వదల్లేదు. షెడ్డు ముందు జిడ్డులా పట్టుకుని కూర్చున్నాను. నా పోరు పడలేక ఒక ఆదివారం మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. గంపలు మోసే ఇద్దరిని బురదలోకి దింపి, చుక్కానికి చెరో పక్కా భుజం ఆనించమన్నాను. నాన్నని చక్రం దగ్గరికి పంపాను. తిప్పమంటే తిప్పాడు. చక్రం జానెడు తిరిగింది, చుక్కాని కదల్లేదు. మెకానిక్కు నావైపు చూసి నవ్వాడు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగా అనిపించింది.

గొలుసు వదులు చూసి ముందు దాన్ని బిగించాడు. చక్రం బరువెక్కింది గానీ ప్లే పోలేదు. అప్పుడు నాన్న చక్రం కొంచెం కొంచెంగా తిప్పుతుంటే, గొలుసు పొడవునా ఒక్కో అతుకు మీదా వేళ్ళు పెట్టుకుంటూ వెనక్కి వెళ్ళాడు. ఏది ముందు కదులుతోందో, ఏది కదలకుండా ఆగుతోందో చూడాలట. చుక్కాని కడ్డీ తలకి ఇనుప చెయ్యి ఒకటి బిగించి ఉంటుంది. గొలుసు లాగేది దాన్నే. అక్కడ వేళ్ళు ఆగాయి. చెయ్యి తిరుగుతోంది, కడ్డీ తిరగడం లేదు. రెండింటినీ కలిపి ఉంచడానికి మధ్యలో దిగ్గొట్టిన ఇనుప ముక్క అరిగిపోయి, దాని గాడి వెడల్పయింది. ఆ ఖాళీలో గ్రీజు ఎండి గట్టిపడటంతో బరువు లేనప్పుడు అదే పట్టి ఉంచిందని చెప్పాడు. గాడిని ఆకురాయితో చదును చేసి, లారీ ఇరుసు ముక్క అరగదీసి కొత్తది కొట్టాడు. మళ్ళీ భుజాలు ఆనించారు. ఈసారి చక్రంతో పాటే ఆ ఇద్దరూ కదిలారు.

యజమాని వచ్చి చూశాడు. పడవ బాగైంది సరే, కళ్ళ సంగతి లాకు దగ్గర తేలుతుందన్నాడు.

కాలువలకి నీళ్ళు వదిలారు. కాపు చివర్లో వచ్చే కలెక్టరు మామిడికాయల గంపలు ఎక్కించారు. యజమాని మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని పడవలోనే నిలబడ్డాడు, నేనూ ఎక్కాను. లాకు కనపడగానే నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"నువ్వు ఎంత చేసినా నాకే అనుమానంగా ఉందమ్మా. ఆ అబ్బాయిని పట్టుకోమను" అన్నాడు మెల్లగా.

నాకు కోపం ఆగలేదు. "ఇనుం అరిగింది నాన్నా, నువ్వు కాదు. చక్రం వదిలావంటే ఇక్కడే నీళ్ళలోకి దూకేస్తాను" అన్నాను. అన్నంత పనీ చేస్తానని ఆయనకి తెలుసు.

చక్రం గట్టిగా పట్టుకున్నాడు. లాకు గోడలు రెండు పక్కలా దగ్గరికొచ్చాయి. నాన్న కొద్దిగా ఎడమకి తిప్పాడు, పడవ అప్పటికప్పుడే ఎడమకి మళ్ళింది. కుడికి తిప్పితే కుడికి వచ్చింది. ఎక్కడా గోడకి తగలకుండా లోపలికి వెళ్ళి నిలబడ్డాం. వెనక తలుపులు మూసుకున్నాయి, నీళ్ళు మెల్లగా దిగడం మొదలైంది.

నాన్న చక్రం మీద చేతులు తియ్యలేదు. ముందున్న తలుపునీ, గట్టు మీద లాకు మనిషినీ, అతని వెనక చెట్టునీ ఒక్కొక్కటే చూశాడు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయమ్మా" అన్నాడు.

యజమాని విన్నాడో లేదో చూడలేదు. నాకు ఏడుపొచ్చేసింది.