రచయితగారి ఆది చొక్కా

ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలు. ఒకటి, మా ఊరు బోగోలు మొత్తానికి నా అంతటి దర్జీ లేడు. రెండు, ఆ సంగతి మా మామకు ఇంకా తెలియలేదు. కొట్టు మామదే, రెండు మిషన్లూ ఆయనవే, నాకు పని నేర్పిందీ ఆయనే (ఇవన్నీ చిన్న విషయాలుగా తోచే వయసు అది). అప్పుడే మా సముద్రం ఒడ్డున ఒక సినిమా షూటింగు దిగింది. కాలం చేసిన ఒక గొప్ప రచయిత జీవితకథట. ఆయన పాఠం మాకు పదో తరగతిలో ఉండేది. నేను చాయిస్‌లో వదిలేశాను.

సినిమా దుస్తులు చూసే అన్న ఒక పాత తెల్ల చొక్కా తెచ్చి బల్ల మీద పెట్టి, "అచ్చం ఇట్టాంటివే ఆరు కావాల. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అని వెళ్ళిపోయాడు. గుడ్డ కోసం మామ కావలి బయల్దేరాడు. మామూలు దర్జీ అయితే కొలతకిచ్చిన ఆది చొక్కాను టేపుతో కొలిచి ఊరుకుంటాడు. నేను మామూలు దర్జీనా? బ్లేడు తీసుకుని కుట్లన్నీ విప్పేశాను. కాలరు, చేతులు, వీపు, జేబు, అన్నీ విడదీసి అట్టల మీద పరిచి గీసుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మామ తిరిగొచ్చి బల్ల వైపు చూశాడు. చేతిలోని గుడ్డ మూట జారి కింద పడింది.

"చొక్కా ఏదిరా?"

"ఇదే మామూ."

"యా అల్లా! అది ఆ రచయితగారు తొడుక్కున్న చొక్కారా! ఆయన భార్య, ఆ పెద్దమ్మ కాడ మిగిలింది అదొక్కటేనంట. బస్టాండుకాడ ఆ అన్న ఇప్పుడే చెప్పినాడు. రేపు షూటింగు చూసేదానికొచ్చి ఎత్తుకుపోతాదంట!"

అది ఎక్కడో కొనుక్కొచ్చిన నమూనా అనుకున్నానే గానీ, ఒక మనిషి తొడిగి విడిచిన చొక్కా అని నాకు తట్టనే లేదు. సాయంత్రం దాకా కూర్చుని, వీలైనంతవరకు పాత సూది బెజ్జాల్లోనే మళ్ళీ కుట్టాను. ఇస్త్రీ చేశాక మామే తేడా పట్టలేకపోయాడు.

మర్నాడు పెద్దమ్మగారు ఒడ్డున కుర్చీలో కూర్చుని చొక్కాను ఒళ్ళో పరుచుకున్నారు. ఒకసారి నిమిరారు. చెయ్యి ఆగిపోయింది.

"ఇది ఆయన చొక్కా కాదు."

షూటింగు వాళ్ళంతా మా వైపు తిరిగారు. మామ ఇసక వైపు చూస్తున్నాడు. దుస్తుల అన్న ముఖంలో నెత్తురు లేదు. ఇక దాచలేక ఆమె ముందు కూలబడ్డాను.

"ఆయనదేనమ్మా. నేనే విప్పేసినా. మళ్ళా కుట్టేటప్పుడు జేబు వంకరగా ఉంటే... సరిచేసినా."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"మిషను నేర్చుకున్న కొత్తల్లో నేను కుట్టిన చొక్కా నాయనా ఇది. లోకంలో అందరి తప్పులూ రాసినాడు ఆయన. ఈ జేబు వంకరని మాత్రం ఒక్కనాడూ అనలా. నువ్వు ఒక్కరోజులో కనిపెట్టేసినావే!"

నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నవ్వి సూది అడిగారు. నా నీటు కుట్లు తెంపి, జేబును మళ్ళీ తన వంకరలోకి తెచ్చుకున్నారు.

సినిమా చొక్కాలకూ జేబు అలాగే ఉండాలన్నారు దర్శకుడుగారు. ఆరు జేబులూ శ్రద్ధగా వంకరగా కుట్టాను. ఒక్కటీ ఆమె కుట్టినట్టు రాలేదు. ఇప్పటికీ టీవీలో ఆ సినిమా వస్తే నేను హీరో ముఖం చూడను. ఆ జేబునే చూసి, సిగ్గుపడి, నవ్వుకుంటాను.