పరుపుల బాబాయ్ ముందు బాగున్నది చెప్తాడు

పరుపుల బాబాయ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఏం చేసినా సరే, అందులో ఏది బాగుందో, ఎక్కడ కాలు జారిందో, ఏం చేస్తే ఇంకా బాగుంటుందో చెప్పకుండా ఉండలేడు. ఆ చెప్పడం కూడా ఎప్పుడూ ఒకే మాటతో మొదలవుతుంది: "ముందు బాగున్నది చెప్తాను." ఈ మాట చెవిన పడగానే తెలిసినవాళ్ళు కూర్చోవడానికి చోటు వెతుక్కుంటారు. బాగున్నది ఎంత తొందరగా అయిపోతుందో, మిగతాది ఎంతసేపు సాగుతుందో వాళ్ళకు అనుభవమే.

పొద్దున్నే పిన్ని టీ ఇస్తుంది. ఆయన ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ముందు బాగున్నది చెప్తాను. వేడిగా ఉంది," అంటాడు.

"రెండోది చెప్పారంటే ఆ వేడి మీ నెత్తిన ఉంటుంది," అంటుంది పిన్ని. ఇన్నేళ్ళ కాపురంలో టీ మీద ఆయన విమర్శ మొదటి వాక్యం దాటిన పాపాన పోలేదు.

ఒకసారి సిగ్నల్ దాటాడని ట్రాఫిక్ పోలీసు ఆపాడు. "ముందు బాగున్నది చెప్తాను. మీరు ఈల వేశారు చూడండీ, ఏ మూలనున్నవాడికైనా గుండె ఆగాల్సిందే. కానీ చెయ్యి ఇంకాస్త పైకెత్తి ఉంటే నేను ఆగేవాణ్ణి," అన్నాడు బాబాయ్. పోలీసు జరిమానా రాశాడు. రాసిన తీరు మీద కూడా బాబాయ్‌కి ఒక అభిప్రాయం ఉంది గానీ, వెనక కూర్చున్న పిన్ని గట్టిగా గిల్లడంతో అది బయటికి రాలేదు.

ఇలాంటి మనిషి ఎక్కడ చేరకూడదో సరిగ్గా అక్కడే చేరాడు. ఆన్‌లైన్‌లో "గోదా" అని ఒక గుంపు ఉంది. పేరు విని కండలు, చెమటలు ఊహించుకోకండి. అక్కడ ఎవరూ ఎవరినీ వేలితో కూడా ముట్టుకోరు. ఒక్కొక్కరూ తమ ఊహలోంచి ఒక వస్తాదును పుట్టించి, పేరు పెట్టి, పొగరో పగో ఇచ్చి వదులుతారు. వారం వారం వస్తాదులకు జోడీలు కడతారు. ఇద్దరూ తమ వస్తాదు విసిరే సవాలును కథగా రాసి పేజీలో పెడతారు. శనివారం గడువు దాకా దిద్దుకోవచ్చు, ఎవరైనా కింద వ్యాఖ్య రాయొచ్చు. ఎవరి రాత బాగుందని న్యాయనిర్ణేతలు తేలిస్తే వాళ్ళ వస్తాదు గెలిచినట్టు. ఆ కుస్తీని కళ్ళకు కట్టినట్టు రాసేది గుంపు నడిపే రిఫరీ గారు. ఆయన వారమంతా డ్రైవింగ్ స్కూల్లో జనం చేత క్లచ్ తొక్కిస్తూ అరిచిన గొంతుతోనే ఆదివారం ఫలితాలు చదువుతాడు.

అంటే ఏమిటి? ఎదుటివాళ్ళు చెత్తగా రాస్తే మనం ఎగిరి గంతేయాలి. పరుపుల బాబాయ్ ఏం చేసేవాడు? ఎదుటివాళ్ళ రాత కింద కూర్చుని, ఓపిగ్గా, ముద్దుగా, వాక్యం వాక్యం బాగుచేయించేవాడు. వాళ్ళు చక్కగా దిద్దుకుని వచ్చి ఆయన వస్తాదునే చితక్కొట్టేవాళ్ళు. ఆ వస్తాదు పేరు రోకలిబండ. గోదాలో నేల ఎంత చల్లగా ఉంటుందో రోకలిబండ వీపుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఎక్స్‌రే అమ్మాయి ఆ గోదాలోకి కొత్తగా వచ్చింది. క్లినిక్కులో రోజంతా "ఊపిరి బిగపట్టండి... వదలండి" అంటూ ఎక్స్‌రేలు తీయడం ఆమె ఉద్యోగం. ఆమె సృష్టించిన వస్తాదు పేరు కూడా ఎక్స్‌రేనే. ఎదుటివాడి ఒంట్లో ఏ ఎముక బలహీనమో ఒక్క చూపుతో పట్టేస్తుంది. మొదటి రచన పెట్టిన రోజు ఆమెకు పని మీద ధ్యాస లేదు. తిట్టినా సరే, ఎవరైనా ఏదో ఒకటి అనకపోతారా అని ఫోను చూసుకుంటూ, ఒక ముసలాయనకు "బిగపట్టండి" అని చెప్పి "వదలండి" అనడం మర్చిపోయింది. ఆయన ఎర్రబడి చెయ్యి ఊపితే గానీ ఈ లోకంలోకి రాలేదు.

మధ్యాహ్నం కాకుండానే వ్యాఖ్య వచ్చింది. "ముందు బాగున్నది చెప్తాను. నీ వస్తాదు ఎదుటివాడి మోకాలు చూసి నవ్వింది చూడూ, అక్కడ నా మోకాలు నేను తడుముకున్నాను. ఇక రెండోది. ఆమె ఒక చేత్తో వాడి మణికట్టు మెలితిప్పి, ఒక చేత్తో మెడ పట్టి, ఇంకో చేత్తో జనానికి దండం పెట్టింది. మొత్తం ఎన్ని చేతులమ్మా? అయినా తొందరపడి కాదనను. నా షాపులో చేసి చూసి చెప్తాను." కింద పేరు: పరుపుల బాబాయ్.

మర్నాడు క్లినిక్కులోకి ఒక పెద్దాయన భుజం పట్టుకుని మూలుగుతూ వచ్చాడు.

"ఎలా తగిలిందండీ?" అంది ఎక్స్‌రే అమ్మాయి.

"బాలీసుతో కుస్తీ పట్టానమ్మా."

"బాలీసుతోనా? ఎందుకు?"

"ఎవరో కొత్తావిడ ఒక పట్టు రాసింది. అది అసలు కుదురుతుందా లేదా అని."

అమ్మాయి చేస్తున్న పని ఆపేసింది. "కుదిరిందా?"

"ముందు బాగున్నది చెప్తాను," అన్నాడు ఆయన పళ్ళు బిగించి. "మెడ దాకా బ్రహ్మాండంగా కుదిరింది. దండం దగ్గరే పడ్డాను."

"బాబాయ్, ఆ కొత్తావిడ నేనే," అంది ఆమె ఏడుపు ముఖంతో. ఆయన నొప్పి మర్చిపోయి దెబ్బ తగలని చేత్తో ఆమె తల మీద తట్టి, "ఎంత బాగా రాశావే అమ్మడూ!" అన్నాడు. ఎముక విరగలేదు. బెణికిందంతే.

క్లినిక్కు వెనక వీధిలోనే ఆయన పరుపుల షాపు. ఆ రోజు నుంచి ఆమె పని అవగానే అక్కడికి వెళ్ళేది. షాపు మధ్యలో స్ప్రింగుల పరుపు పరిచి, బాలీసును నిలబెట్టి, గోదాలో ఆ వారం ఎవరెవరు ఏయే పట్టు రాశారో అన్నీ బాబాయ్ చేసి చూసేవాడు. ఒకసారి కొత్త దంపతులు పరుపు కొనడానికి వచ్చేసరికి ఆయన గాల్లోకి ఎగిరి మోచేత్తో బాలీసు మీద పడుతున్నాడు. అమ్మాయి పక్కన నిలబడి, "ఇంకోసారి బాబాయ్, ఈసారి అరుస్తూ!" అంటోంది. దంపతులు నోళ్ళు వెళ్ళబెట్టారు. కాసేపటికి పెళ్ళికొడుకు పరుపు నొక్కి చూసి, "ఇంత బాదినా అణగలేదు. ఇదే ఇచ్చేయండి," అన్నాడు.

"సవాలు విసిరేటప్పుడు ఎదుటివాణ్ణి పురుగులా రాయకమ్మా," అని ఆమెకు చెప్పేవాడు బాబాయ్. "పురుగును గెలిస్తే నీకేం గొప్ప? వాణ్ణి కొండంత చెయ్యి. తర్వాత ఆ కొండెక్కు."

ఆమె ఎక్కింది. కొండ తర్వాత కొండ ఎక్కి, ఏడాది తిరిగేసరికి గోదా ఛాంపియన్ బెల్టు ఎక్స్‌రే నడుముకు చేరింది. ఇక చూడండి, సరిగ్గా అప్పుడే రిఫరీ గారు కొంప ముంచే ప్రకటన చేశాడు. బెల్టు కోసం ఎక్స్‌రేతో రోకలిబండకు ఆఖరి పోటీ. గెలిస్తే రోకలిబండ ఛాంపియన్. ఓడితే వాడు బూట్లు విప్పి గోదాలో వదిలి వెళ్ళిపోవాలి. ఇక ఎప్పటికీ ఎవరూ వాణ్ణి రాయకూడదు.

అమ్మాయి కావాలని పేలవంగా ఒకటి గిలికి పేజీలో పెట్టింది. నిమిషాల్లో కింద బాబాయ్ ప్రత్యక్షం: "ముందు బాగున్నది చెప్తాను. చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఒంట్లో బాగుందా అమ్మడూ?"

ఆమె పరుగున షాపుకు వెళ్ళింది. "బాబాయ్, నేను ఓడితేనే కదా మీ రోకలిబండ మిగిలేది! మీకసలు బుర్రుందా?"

"అలా గెలిపిస్తే వాడు నా ముఖం చూడడమ్మా," అన్నాడు ఆయన. ఆ మాట అంటున్నప్పుడు నవ్వలేదు. "వాడంటే నాకు ప్రాణమే. కాదనను. కానీ నువ్వు సరిగ్గా రాయి. నీది రెండో పేరా నుంచి మొదలుపెడితే బాగుంటుంది, రా, చూపిస్తా." పరుపు మీద కూర్చోబెట్టి, తనను ఓడించే రాతను తనే దగ్గరుండి దిద్దించాడు. ఇదెక్కడి చోద్యమమ్మా అని పిన్ని తల పట్టుకుంది.

రుణం తీర్చుకుందామని అమ్మాయి ఆయన రచన తెరిచింది. కింద వ్యాఖ్య రాయబోతే అక్కడ ఏమీ లేదు. సరే, కొత్తది కదా అనుకుంది. పాతది తెరిచింది. దాని కింద ఖాళీ. ఇంకా పాతది. ఖాళీ. గోదాలో అందరి రాతల కిందా పేరాలు పేరాలుగా బాబాయ్ ఉన్నాడు. బాబాయ్ రాతల కింద మాత్రం నరపురుగన్నది లేదు. ఆయనకు మనం చెప్పేదేమిటని అందరూ అనుకున్నారు. ఆ అందరిలో తనూ ఉంది. ఆమెకు చచ్చేంత సిగ్గేసింది.

"పిన్నీ, ఈయన ఎప్పుడూ ఏమీ అనలేదా?" అని అడిగింది.

"అనడానికేముందమ్మాయ్. మొట్టమొదటిది పెట్టినప్పుడు నెల రోజులు ఫోను పక్కన పెట్టుకు తిరిగారు. ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. బాలేదని కూడా అనలేదు," అంది పిన్ని దిండు గలీబు కుడుతూ. "అప్పుడన్నారు, ఇక ఈ గోదాలో ఎవరి రాత కిందా ఖాళీ ఉండకూడదు అని. అంతే. అంతకుముందు నా టీతో సరిపోయే జబ్బు గోదాకంతా అంటుకుంది."

అమ్మాయి అక్కడే, ఆ షాపులోనే, పరుపు మీద బాలీసు నిలబెట్టింది. చొక్కా చేతులు పైకి మడిచింది. కొనడానికి వచ్చినవాళ్ళు అటూ ఇటూ జరిగి చోటిచ్చారు. రోకలిబండ పట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసి, జుట్టు రేగి, రొప్పుతూ బాబాయ్ ఎదుట నిలబడింది.

"ముందు బాగున్నది చెప్తాను," అంది.

బాబాయ్ చేతిలో టేపు జారిపోయింది. ఆయనకు ఆ మాట ఇంకొకరి నోటి నుంచి వినడం అదే మొదలు. చిన్నపిల్లాడిలా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

"మీ పట్టుల్లో వంక లేదు. ఒక్కటీ బెణకలేదు. ఇక రెండోది. మీరు ఎదుటివాణ్ణి కొండంత చేస్తారు. చేసి, కింద నిలబడి చప్పట్లు కొడతారు. ఎక్కరేం బాబాయ్? సగం పేజీ నా ఎక్స్‌రేని పొగిడారు. రోకలిబండకి ఏం కావాలి? ఒక్క వాక్యం లేదు."

ఆయన కింద పడిన టేపు తీసి నెమ్మదిగా చుట్టాడు.  ఆఖరికి, "ఒక్కసారి వాడి చెయ్యి ఎవరైనా పైకెత్తితే చూడాలని ఉంటుందమ్మా వాడికి," అన్నాడు మెల్లగా.

"మరి అది రాయండి!" అని కసిరింది అమ్మాయి.

ఆ తర్వాత ఆమె గోదా అంతా తిరిగి ఒక్కొక్కరికీ చివాట్లు పెట్టింది. సాయంత్రానికి రోకలిబండ కథ కింద వ్యాఖ్యలు వరద కట్టాయి. ఒకరు మొదటి వాక్యం పొడుగన్నారు. ఒకరు కోపం చాలలేదన్నారు. ఇంకొకరు రోకలిబండ బూటు లేసు రెండుసార్లు కట్టుకున్నాడని పట్టుకున్నారు. బాబాయ్‌కి కాళ్ళు నేల మీద ఆనలేదు. "ఏమే, చూశావా, నాలో ఎన్ని తప్పులున్నాయో!" అని పిన్నికి చూపించాడు. "ఆ లెక్క నన్నడిగితే ఎప్పుడో చెప్పేదాన్ని కదండీ," అంది పిన్ని. దిండు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా చూపించకుండా బాబాయ్ వదల్లేదు. వాళ్ళు విని, దిండు తీసుకుని, పాపం ఓదార్చి వెళ్ళారు.

ఆదివారం మధ్యాహ్నం షాపులో పరుపులన్నీ జనంతో నిండిపోయాయి. ఫోను స్పీకరులో రిఫరీ గారి గొంతు ఖంగుమంది. ముందు ఎక్స్‌రే రాత చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత రోకలిబండది: "గోదాలో పడిన ప్రతివాణ్ణీ చెయ్యి పట్టి లేపాను. ఈ రోజు అడుగుతున్నాను, సిగ్గుపడకుండా అడుగుతున్నాను. ఈసారి నా చెయ్యి ఎత్తండి." ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ముందుకు వంగి కూర్చున్నారు.

"న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు," అన్నాడు రిఫరీ గారు, క్లచ్ వదలకుండా బండి ఆపినట్టు కావాలని నాన్చుతూ. "గోదా కొత్త ఛాంపియన్... రోకలిబండ!"

షాపు దద్దరిల్లింది. బెల్టు పోయిన అమ్మాయే అందరికన్నా గట్టిగా అరిచి, బాబాయ్ చెయ్యి పట్టి జెండాలా పైకెత్తింది.

"అబ్బా! అది కాదమ్మా, ఆ రెండోది!" అని కేక పెట్టాడు బాబాయ్. ఏడాది కింద బెణికిన భుజం ఇంకా మాట వినడం లేదు మరి. అప్పుడు రెండోది ఎత్తింది. ఆ ఊపులో ఎవరో విసిరిన బాలీసు ఫ్యానుకు తగిలి చిరిగి, షాపంతా దూది కురిసింది. ఆ దూదిలోంచి పిన్ని వచ్చి, సోఫా ముఖమల్ ముక్కతో కుట్టిన ఎర్ర బెల్టు ఆయన నడుముకు కట్టింది.

"ముందు బాగున్నది చెప్తాను," అంది ముక్కు ఎగబీలుస్తూ. "గెలిచారు. ఇక ఈ దూదంతా ఎవరు ఊడుస్తారో అది చెప్పండి."

సోమవారం ఛాంపియన్ గారు ఎర్ర బెల్టుతో సహా క్లినిక్కులో ప్రత్యక్షమయ్యాడు. ఈసారి రెండో భుజం. రిఫరీ గారు రాసిన ఆఖరి పట్టు కుదురుతుందా లేదా అని చేసి చూశాడట. సగం దాకా కుదిరిందట.

"ఊపిరి బిగపట్టండి," అంది అమ్మాయి.

"ఆగమ్మా, ముందు నా ఫోనిటివ్వు. పొద్దున ఎవరో కొత్తవాళ్ళు మొదటి కథ పెట్టారు. పాపం దాని కింద ఖాళీగా ఉంటుంది."

"ఖాళీ లేదు బాబాయ్. పొద్దున్నే నేను రాసేశాను."

ఆయన నమ్మలేదు. ఫోను తెప్పించుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఆమె రాసిందంతా మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ముఖం వెలిగిపోయింది. బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు కొడుతున్నారు.

"ముందు బాగున్నది చెప్తాను," అని మొదలుపెట్టాడు పరుపుల బాబాయ్. అమ్మాయి నవ్వుతూ స్టూలు లాక్కుని కూర్చుంది.